ఇసుక మూటతో నాలుగు రోజులు

ట్రయలన్నకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఏదో ఒకటి ఉండే ఉంటుంది. ఆ వీధిలో అది ఎవరికీ తెలియదు. సైకిలు షాపులో పదకొండేళ్లుగా పనిచేస్తూ ఒక్క బండిని కూడా ట్రయల్ చూడకుండా మనిషి చేతికిచ్చిన పాపాన పోలేదు. వేసింది పంక్చరే కావచ్చు, అయినా వీధి చివరి దీపస్తంభం దాకా తొక్కుకుంటూ వెళ్తాడు, రెండుసార్లు బ్రేకు పట్టి చూస్తాడు, తల వంచి చైను చప్పుడు వింటాడు, తిరిగొచ్చి ఏదో నట్టు కాస్త బిగించి మళ్లీ వెళ్తాడు. ఈలోగా ఆఫీసుకి వేళ మించిపోతున్న గుమాస్తాలు షాపు ముందు నిలబడి పళ్లు నూరుకుంటారు. "గాలి కొట్టమన్నానయ్యా బాబూ, నా బండిని షికారు తిప్పమన్నానా" అని ఒకాయన మొత్తుకుంటే, షాపు యజమాని బల్ల వెనకనుంచి, "మావాడు మంచినీళ్లైనా ముందు ఒక గుక్క ట్రయల్ చూసి, నచ్చితేనే గ్లాసు ఎత్తుతాడండీ, కూర్చోండి" అన్నాడు. అప్పటినుంచీ పేరు ట్రయలన్నే.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. ఆ జాగ్రత్త ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే మాత్రం ఎవరికీ నవ్వు రాదు. బిడ్డ పుట్టిన పదో రోజు సాయంత్రం అతని భార్య ఒళ్లు కాలిపోతోందని చెప్పింది. అతను పని తెమిలి, అలిసిపోయి అప్పుడే ఇంటికొచ్చాడు. నుదుటి మీద చెయ్యేసి చూసి, "ఏం కాదులే, పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్దాం" అన్నాడు. పొద్దున్నకి ఆమెకి మాట పడిపోయింది. వారం తిరిగేసరికి మనిషే లేదు. అంతకుముందు కూడా జాగ్రత్తపరుడే, కాదనలేం. ఆ పొద్దుటినుంచి అది జబ్బుగా మారింది.

పదిహేడు రోజుల పసిగుడ్డుని ఒళ్లో పెట్టుకుని దిక్కులు చూస్తున్న మనిషి దగ్గరికి భార్య అక్కగారు వచ్చింది. అతనికి వదిన. ఆవిడ మొగుడు నీళ్ల పంపుల దగ్గర ఆపరేటరు, అక్కడే క్వార్టర్సులో కాపురం. పెళ్లయి తొమ్మిదేళ్లయినా వాళ్లకి పిల్లల్లేరు. "ఓ నాలుగు రోజులు నా దగ్గరుంచుకుంటానయ్యా, నువ్వు కాస్త తేరుకో" అంది వదిన. అంతే. ఇమ్మని ఆవిడ అడగనూ లేదు, తీసుకోమని అతను చెప్పనూ లేదు. ఆ నాలుగు రోజులే ఐదేళ్లయ్యాయి.

పిల్లకి మాటలు వచ్చాయి. వదినని అమ్మా అంది, తోడల్లుణ్ణి నాన్నా అంది. ఒక ఆదివారం ముగ్గురూ ముందుగదిలో కూర్చుని ఉండగా పిల్ల తప్పటడుగులు వేసుకుంటూ వచ్చి ట్రయలన్న మోకాలు పట్టుకుని, ఇతన్ని ఏమని పిలవాలన్నట్టు మొహంలోకి చూసింది. వదిన కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ నేలచూపులు చూస్తోంది. తోడల్లుడు పేపరు మడత విప్పి మళ్లీ మడిచాడు. అప్పుడు ట్రయలన్నే అన్నాడు, "బాబాయ్ అనమ్మా. బా-బాయ్." పిల్ల వెంటనే అనేసింది. ఆ మాట తన నోటితో తనే నేర్పాడు గనక ఇంకొకళ్ల మీద నేరం మోపడానికి కూడా లేకపోయింది.

పిల్లని అందరూ పిడుగు అనేవాళ్లు. పేరుకి తగ్గట్టే ఉండేది. ఆదివారం తొమ్మిదింటికి క్వార్టర్సు గేటు దగ్గర బెల్లు మోగగానే ఒక కాలికే చెప్పుతో పరిగెత్తుకొచ్చేది. క్యారేజీ మీద కూర్చోబెట్టుకుని నీళ్ల ట్యాంకుల చుట్టూ తిప్పుతుంటే, వెనకనుంచి అతని చొక్కా గుప్పెట్లో పట్టుకుని, "బాబాయ్, ఈ రోడ్డు అయిపోయాక ఏముంటుంది?" అనేది. ఇంకో రోడ్డు అంటే, "అది కూడా అయిపోయాక?" అనేది. సముద్రం, అని ఒకరోజు విసుగొచ్చి చెప్పాడు. ఆనాటినుంచి చెవిలో జోరీగలా ఒకటే గోల, సముద్రానికి ఎప్పుడు వెళ్దామని.

వేసవి మొదట్లో తోడల్లుడికి బదిలీ అయింది. రైల్లో ఒక రాత్రీ ఒక పగలూ ప్రయాణం. నెలాఖరుకి అక్కడ చేరాలి. ఆ ఆదివారం వదిన వంటింట్లో కూరగాయలు తరుగుతూ, తలెత్తకుండానే మొదలుపెట్టింది.

"అక్కడ దాన్ని బళ్లో వెయ్యాలి. కాగితాల్లో తండ్రి అన్నచోట నీ పేరే ఉంటుంది. ఇవాళ కాకపోతే రేపు ఎవరో ఒకళ్లు చదివి దాని మొహాన అంటారు. పరాయివాళ్ల నోట వినకూడదయ్యా. మనమే చెప్పెయ్యాలి."

"నువ్వు చెప్పు వదినా."

"నాకు నోరు రాదు. నీ నోటితో నువ్వే చెప్పు." ఆవిడ చేతిలో ముక్క పక్కన పెట్టింది. "ఇంకోమాట. చెప్పేసి చేతులు దులుపుకుని వచ్చెయ్యకు. చెప్పాక రెండ్రోజులు దాని పక్కనే ఉండు. అడుగుతుంది, అలుగుతుంది, ఏడుస్తుంది. నన్ను కూడా తిడుతుందేమో. అవన్నీ అయ్యాకే నా దగ్గరికి తీసుకురా. సగం ఏడుపులో దాన్ని వదలకు."

ట్రయలన్న సరేనన్నాడు. అన్నాడు గానీ ఎలా చెప్పాలో, ఎక్కడ చెప్పాలో తోచలేదు. తన గదిలో చెప్తే పిల్ల లేచి అమ్మ దగ్గరికి పరిగెత్తుతుంది. క్వార్టర్సులో చెప్తే చుట్టూ జనం. వారం రోజులు చక్రాలకి బెండు తీస్తూ, పుల్లలు బిగిస్తూ అదే ఆలోచించాడు. రిమ్ముని కళ్ల ముందు గిర్రున తిప్పి చూస్తుంటే ఉన్నట్టుండి బుర్రలో వెలిగింది. సముద్రం ఎనభై కిలోమీటర్లు. పిల్లతో రోజుకి నలభై తొక్కినా రెండ్రోజులు వెళ్లడానికి, రెండ్రోజులు రావడానికి. బస్సులో అయితే మూడు గంటల దారే. కానీ బస్సులో ఎదురుగా పదిమంది కూర్చుంటారు. నేను నీ నాన్ననమ్మా అని చెప్పే చోటా అది?

ఇక చూడాలి ఆ మనిషి హడావుడి. మొదటిరోజు ఊరికే తొక్కడం, పిల్లకి సీటు అలవాటవ్వాలి. రెండోరోజు పొద్దున్నే చెప్పెయ్యడం. ఆ మధ్యాహ్నానికి సముద్రం వస్తుంది. అంత నీటిని ఎదురుగా పెట్టుకుని ఐదేళ్ల పిల్ల ఎంతసేపని ఏడుస్తుంది? మూడో రోజూ నాలుగో రోజూ తిరుగు దారిలో ఎన్ని ప్రశ్నలైనా అడగొచ్చు, ఎంతైనా అలగొచ్చు. వదిన అడిగిన రెండ్రోజులూ లెక్కగా అందులో ఉన్నాయి. ఇంతకంటే మంచి ఏర్పాటు ఇంకొకటి లేదని అతనికి అనిపించింది. నిజానికి లేదు కూడా.

సీటు వెనక పెట్టాలా ముందు పెట్టాలా అని మూడు రోజులు తర్జనభర్జన పడ్డాడు. వెనకైతే పిల్ల నడుం చుట్టూ చేతులేసి పట్టుకుంటుంది, కానీ మాట గాలికి కొట్టుకుపోతుంది. ముందైతే తల సరిగ్గా తన గడ్డం కింద ఉంటుంది, మెల్లిగా చెప్పినా వినపడుతుంది. పైగా ఆ మాట చెప్పేటప్పుడు దాని మొహం కనపడదు. కనపడితే తన గొంతు పెగలదని అతనికి తెలుసు. అందుకని ముందే ఖాయం చేశాడు. ఇనప పట్టీలు వంచి, వెల్డింగు చేయించి, దూది కుక్కిన మెత్త కుట్టించి, కాళ్లు చక్రంలో పడకుండా రెండువైపులా రేకు కట్టాడు. పాత ఇనుము తూచే కాటా మీద పిడుగుని నిలబెట్టి తూచాడు. పదహారున్నర కిలోలు. "నేను ఇనుమా బాబాయ్?" అంది పిడుగు. ఇనుము అయితే ఇంత అల్లరి చెయ్యదన్నాడు.

సరంజామా అంతా ఒకచోట పోగేస్తే యజమాని నోరు తెరిచాడు. మూడు ట్యూబులు, ఒక టైరు, గుప్పెడు పుల్లలు, రెండు చైన్లు, పంపు, పానాలు, గ్రీజు డబ్బా. "పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లాడట నీలాంటివాడే. నువ్వు టూరు వెళ్తున్నావా, నా షాపు మారుస్తున్నావా?" అన్నాడు. సెలవు మాత్రం సంతోషంగా ఇచ్చాడు. "పదకొండేళ్లలో ఒక్క రోజు అడగలేదు. ఎన్ని రోజులు కావాలి?"

"ఎనిమిది."

"నాలుగన్నావుగా?"

"నాలుగు అసలుకండీ. ముందు నాలుగు ట్రయల్‌కి."

యజమాని నవ్వబోయి, అతని మొహం చూసి ఆగిపోయాడు. ట్రయలన్న వేళాకోళం ఆడటం లేదు. పదహారున్నర కిలోల ఇసుక తూచి, మూటగట్టి, ఆ సీట్లో కూర్చోబెట్టి, దారంతా ఒకసారి వెళ్లొస్తాడట.

వదిన కూడా చెప్పి చూసింది. "దాన్నే తీసుకెళ్లరాదటయ్యా? సంచి సర్దుకుని మూడ్రోజులైంది. సముద్రం నీళ్లు పట్టుకొస్తానని ఖాళీ సీసా కూడా పెట్టుకుంది. మూట కూర్చునే చోట అది కూర్చుంటే ఏం పోయింది?"

"దారి చూడకుండా పిల్లని ఎక్కించుకోనా వదినా? ఎక్కడ గుంటలున్నాయో, ఎక్కడ కుక్కలున్నాయో. ఒక్కసారి చూసొచ్చేస్తాను. నెలాఖరు దాకా టైముందిగా."

నిదానమే ప్రధానం అన్నారు పెద్దలు. ఆలస్యం అమృతం విషం అని కూడా వాళ్లే అన్నారు. ట్రయలన్న చెవికి మొదటిదే ఎక్కింది. పిడుగుకి ఆ సంగతి చెప్పడానికి ధైర్యం చాలక, "షాపు పని మీద ఊరెళ్తున్నాడు, నాలుగు రోజుల్లో వస్తాడని చెప్పు వదినా" అని తప్పించుకున్నాడు. అప్పటికింకా మనుషుల చేతుల్లో ఫోన్లు లేవు. పొద్దున్నే ఊరు దాటినవాణ్ణి మళ్లీ ఊళ్లోకి వచ్చేదాకా ఎవరూ పట్టుకోలేరు.

వెళ్లాడు. ముందు సీట్లో మూట, మూట నెత్తిన పిల్ల కోసం కొన్న గుడ్డ టోపీ. గాలికి టోపీ ఎగిరిపోతుందేమో చూడాలిగా మరి. మొదటిరోజు టీ తాగడానికి ఆగితే కొట్టు ఆవిడ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "బస్తాకి టోపీ ఏంటి బాబూ, ఎండ తగుల్తుందనా?" ఉన్న సంగతి చెప్పాడు, పిల్లతో రావడానికి ముందు దారి చూస్తున్నానని. ఆవిడ నవ్వలేదు. రెండు బన్నులు పొట్లం కట్టి, "ఒకటి నీకు, ఒకటి బస్తాకి. పిల్లని తెచ్చినప్పుడు ఇక్కడ ఆపు" అంది. జేబులోంచి చిన్న పుస్తకం తీసి, టీ కొట్టు, మంచావిడ, నీడ ఉంది, అని రాసుకున్నాడు.

ఆ పుస్తకం నిండా అలాంటివే. వంతెన దిగాక గుంట, దిగి నడిపించాలి. చేతి పంపు, నీళ్లు బాగున్నాయి. పసుప్పచ్చ గేటు ఇంట్లో కుక్క, వట్టి అరుపే. మధ్యాహ్నం దాటాక మూట ఎడమవైపు ఒరిగింది, పిల్లకి నిద్రొస్తే తల అటే వాలుతుంది, అక్కడ మెత్త పెట్టాలి. ఒకచోట మాత్రం దారి గురించి కాదు. మూట పక్కనుంటే కూడా తోడుగానే ఉంది, అని రాసి, సిగ్గుపడి కొట్టేశాడు.

చెప్పాల్సిన మాట కూడా మూటకే చెప్పి చూశాడు. మెయిన్ రోడ్డు వదిలి కాస్త పక్కకి వెళ్తే రైలుకట్ట వెంబడి ఒక దారి ఉంది. ఆరు కిలోమీటర్లు చదునుగా పోతుంది. లారీలు రావు, పొద్దుటి ఎండ మొహాన పడదు. ఇదే చోటు అనుకున్నాడు. మొదటిసారి వాళ్లమ్మ దగ్గర మొదలుపెట్టాడు. చావుతో మొదలైన మాట పిల్ల చెవికి ఎలా ఉంటుందని మధ్యలో ఆపేశాడు. రెండోసారి తన గోడుతో మొదలుపెట్టాడు. అది ఐదేళ్ల పిల్ల మీద ఫిర్యాదులా వినపడింది. సైకిలు వెనక్కి తిప్పి, కట్ట మొదటికి వచ్చి, మళ్లీ తొక్కుతూ మూడోసారి చెప్పాడు.

"పిడుగూ, నువ్వు పుట్టినప్పుడు నిన్ను అందరికంటే ముందు ఎత్తుకుంది ఎవరో తెలుసా? నేనే. నేను మీ నాన్ననమ్మా. అమ్మ అమ్మే, ఎక్కడికీ పోదు. నాన్న నాన్నే. నేను ఇంకొకణ్ణి ఉన్నానంతే. నీకు ఒకళ్లు ఎక్కువున్నారు, తక్కువ లేరు."

గొంతు వణికింది గానీ తెగలేదు. ఇంకో రెండుసార్లు చెప్పేసరికి వణుకూ పోయింది. ఐదేళ్లుగా గుండె మీదున్న బండ దిగినట్టయి, ఎవరూ లేని ఆ దారిలో హ్యాండిలు వదిలేసి రెండు చేతులూ గాల్లోకి చాపి తొక్కాడు ఆ జాగ్రత్తపరుడు. మూట గడ్డం కింద బుద్ధిగా కూర్చుని ఉంది.

సముద్రం ఇంకా కాస్త దూరం ఉందనగా హోరు వినపడింది. ఇసుక దిబ్బ ఎక్కితే కనపడుతుంది. అక్కడ దిగిపోయాడు. తను ముందే చూసేస్తే పిల్లతో కలిసి చూసినట్టు కాదనుకున్నాడు. దిబ్బకి ఇవతలే కూర్చుని, హోరు విని, రెండో బన్ను తిని, సైకిలు తిప్పేశాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం మూడింటికి షాపు దగ్గర దిగాడు. ఒళ్లంతా దుమ్ము, మొహం మాత్రం వెలిగిపోతోంది. మెత్త ఎడమవైపు కుట్టించాలి, బ్రేకు కట్టె మార్చాలి, మొదటిరోజు ఐదు కిలోమీటర్లు తగ్గించాలి, అంతే, అని మూడు వేళ్లు మడిచి చెప్పబోతుంటే యజమాని బల్ల దాటి బయటికి వచ్చేశాడు.

"ఎక్కడ చచ్చావురా? మీ వదిన మూడుసార్లు మనిషిని పంపింది. అక్కడ పంపు కాలిపోయిందట, ఉన్న ఆపరేటరు వెళ్లిపోయాడట, మూడ్రోజుల్లో వచ్చి చేరమని తంతి వచ్చింది. సామాన్ల లారీ పొద్దున్నే వెళ్లిపోయింది. వాళ్లు ఐదింటి రైలుకి పోతున్నారు. ముందు బస్తా ఉన్న సైకిలు కనపడితే ఆపమని బస్సు డ్రైవర్లందరికీ చెప్పి పంపాను. ఒక్కడికీ కనపడలేదన్నారు."

కనపడడు. మెయిన్ రోడ్డు మీద ఉంటే కదా. తిరుగు దారిలో కూడా రైలుకట్ట దారే బాగుందని అటే వచ్చి, అది అయిపోయాక కూడా లారీలు రాని పల్లెదారులే పట్టుకున్నాడు. ఆ కట్ట మీదే ఇంకో రెండుసార్లు మూటకి ఆ మాట చెప్పాడు.

క్వార్టర్సుకి ఎలా తొక్కాడో అతనికే తెలియదు. ఇల్లంతా బోసిగా ఉంది. గోడలకి మేకులు మిగిలాయి. తోడల్లుడు రెండు పెట్టెలు గుమ్మంలో పెట్టి ఆటో కోసం వెళ్లబోతున్నాడు. "తమ్ముడూ, నా చేతుల్లో ఏం లేదయ్యా" అని భుజం మీద చెయ్యేసి వెళ్లాడు. పిడుగు వరండా మెట్టు మీద సంచి తగిలించుకుని కూర్చుంది. లేవలేదు, పరిగెత్తుకు రాలేదు. సైకిలు కేసి, మూట కేసి, మూట నెత్తినున్న టోపీ కేసి చూసింది.

"నన్ను వదిలేసి వెళ్లావా బాబాయ్?"

ఆ ప్రశ్నకి జవాబు ట్రయల్ చూసుకోలేదు అతను. పిల్ల అడిగింది సముద్రం గురించేనని తెలుసు. అయినా పదిహేడో రోజున గుడ్డలో చుట్టి వదిన చేతుల్లో పెట్టినప్పటినుంచీ ఎవరైనా ఎప్పుడైనా అడుగుతారని భయపడుతున్నది సరిగ్గా ఆ మాటే. "వెళ్లానమ్మా. తప్పు చేశాను" అన్నాడు.

వదిన లోపలినుంచి వచ్చింది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బి ఉంది. పిల్లకి వినపడకుండా, "చెప్పాలంటే ఇప్పుడే చెప్పాలి. రైలెక్కాక ఎలాగో నేను పడతాను" అంది.

ఆటో వచ్చింది. పిడుగు ఎక్కనంది. బాబాయ్ సైకిలు మీదే స్టేషనుకి వస్తానని మొండికేసింది. తోడల్లుడు గడియారం చూసుకుని, "సరే, వెనకే వచ్చెయ్యండి" అన్నాడు. ట్రయలన్న తాళ్లు విప్పి మూటని వరండాలో దించాడు. టోపీ దులిపి పిల్ల నెత్తిన పెట్టాడు. పిల్లని సీట్లో కూర్చోబెట్టాడు. సరిగ్గా సరిపోయింది. స్టేషను మూడు కిలోమీటర్లు.

సైకిలు క్వార్టర్సు గేటు దాటింది. తర్వాత పిడుగే అంది, "సముద్రం ఎంతుంది?"

"చూడలేదు."

"అంత దూరం వెళ్లి చూడలేదా?"

"నీతో కలిసి చూద్దామని. చప్పుడు మాత్రం విన్నాను."

"ఎలా ఉంది?"

"లారీలన్నీ ఒకేసారి వస్తున్నట్టుంది. కానీ రావు."

పిల్ల ఆలోచించింది. కోపం కాస్త దిగింది కాబోలు, తల వెనక్కి వాల్చి అతని ఛాతీకి ఆనించింది. "మరి నాలుగు రోజులూ నీకు బోరు కొట్టలేదా? ఎవరితో మాట్లాడావ్?"

"మూటతో."

"ఏం చెప్పావ్ దానికి?"

పిల్ల తల గడ్డం కిందే ఉంది. మెల్లిగా చెప్పినా వినపడుతుంది. మొహం కనపడదు. అన్నీ అతను అనుకున్నట్టే ఉన్నాయి, ఒక్కటి తప్ప. మాట నోటి చివరిదాకా వచ్చింది. వరసగా, తడబడకుండా, ఇసుకకి చెప్పినంత బాగా వచ్చింది. రోడ్డు చివర స్టేషను గడియారం కనపడుతోంది. ఇప్పుడు చెప్తే పిల్ల తిరిగి చూస్తుంది, ఏమిటంటుంది, ఏడుపు మొదలయ్యేసరికి రైలొచ్చేస్తుంది. అడగడానికి తనుండడు. అలగడానికి తనుండడు. ఒక రాత్రీ ఒక పగలూ ఆ రైలు పెట్టెలో, ఎవరు ఎవరో తెలియకుండా, ఐదేళ్లదానికి ఏమవుతుంది? చెప్తే తన బండ దిగిపోతుంది, నిజమే. దిగి దాని నెత్తిన పడుతుంది. తండ్రన్నవాడు చేసే పనేనా అది?

"దారి గురించి చెప్పాను" అన్నాడు.

"నాకూ చెప్పు."

చెప్పాడు. వంతెన దిగాక గుంట గురించి, వట్టి అరుపుల కుక్క గురించి, బస్తాకి కూడా బన్ను ఇచ్చిన ఆవిడ గురించి చెప్పాడు. రైలుకట్ట దారి దగ్గరికి వచ్చేసరికి, "అక్కడ లారీలు రావు, బావుంటుంది" అని ఊరుకున్నాడు. పిల్ల పకపకా నవ్వింది బన్ను దగ్గర. "ఆ బన్ను ఎవరు తిన్నారు?" అంది. నేనే, అన్నాడు. కన్నీళ్లు టోపీ మీద పడుతుంటే దానికి తెలియకుండా తల పక్కకి తిప్పి తొక్కాడు. ఎంత మెల్లిగా తొక్కినా మూడు కిలోమీటర్లు మూడే కిలోమీటర్లు.

ప్లాట్‌ఫారం మీద వదిన కళ్లతోనే అడిగింది. అతను తల అడ్డంగా ఊపాడు.

"చెప్పాక దగ్గరుండాలన్నావుగా వదినా. నేనెక్కడ ఉంటాను?"

ఆవిడ అతని రెండు చేతులూ పట్టుకుని భోరుమంది. "నేనే చెప్తాలే ఎప్పుడో ఒకప్పుడు, వేళ చూసి" అంది. చెప్పదని అతనికి తెలుసు. చెప్పలేనని ఆవిడకీ తెలుసు. ఆ ఏడుపులోనే ఆవిడ మొహం కాస్త తేలికపడటం అతను చూశాడు. తప్పు పట్టలేదు. ఐదేళ్లు పెంచిన చేతులవి, వాటికి ఆ మాత్రం ఊరట దొరికితే ఎవరి సొమ్ము పోయింది అనుకున్నాడు. అనుకున్నాడు గానీ, పోయింది తన సొమ్మేనని లోపల తెలుస్తూనే ఉంది.

రైలు కదిలింది. పిడుగు కిటికీ చువ్వల్లోంచి చెయ్యి బయటపెట్టి, "బాబాయ్, ఈసారి నన్ను తీసుకెళ్లాలి" అని అరిచింది. అలాగేనని అతను రెండు చేతులూ ఊపాడు. కిటికీతో పాటు నడిచాడు, కాసేపు పరిగెత్తాడు, ప్లాట్‌ఫారం అయిపోయింది.

పెట్టెలు మోసిన పోర్టరు అక్కడే నిలబడి తలగుడ్డతో మెడ తుడుచుకుంటున్నాడు. రైలు వెళ్లినవైపే చూస్తున్న మనిషిని చూసి, మాట కలపడానికి అడిగాడు.

"మీ పాపేనా అండీ?"

"అవునండీ" అన్నాడు ట్రయలన్న. "నా కూతురు."